ఏమీ ఎయ్యని మడి

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. గరిడేపల్లిల వరికోతలు అయిపోవచ్చినయి. కొత్త మందు తెచ్చినప్పుడల్లా నువ్వు ఒక మడిల ఏమీ ఎయ్యకుండ ఇడిసిపెట్టేటోనివి. "ఇది లేకుంటే మందు పనిజేసిందో, వాన పనిజేసిందో ఎట్ల తెలుస్తది బిడ్డా?" అంటుంటివి. అమ్మ తిట్టేది.

ఈసారి మా పరిశోధన పొలంల వరికి మంత్రించిన నీళ్లు చల్లి దిగుబడి చూడమన్నరు. నేను నీ లెక్కనే ఒక మడి ఆ నీళ్లు చల్లకుండ ఉత్తగ ఇడిసిన. రెండు మళ్లల్ల వడ్లు ఒక్కతీరే తూగినయి. అదే రిపోర్టుల రాసిన.

మొన్న పెద్దసారు మిర్యాలగూడ ఆఫీసుకు పిలిపించిండు. "ఆ ఉత్త మడి సంగతి తీసెయ్యి. మన పెద్దల విద్యను తక్కువ చేస్తవా?" అని గద్దించిండు.

"మా పెద్దలు నేర్పిందే రాసిన సార్," అన్న. "మా నాయిన ఏలిముద్ర ఏసే రైతు. ఒక మడి ఎప్పుడూ ఇడిసేటోడు."

ఇయ్యాల పొద్దున బదిలీ కాగితం వచ్చింది.

పోయేముందు ఒకసారి మన పొలంకాడికి వచ్చిన. ఈసారి కొత్త మందేసిన తమ్ముడు, ఎవరూ చెప్పకుండనే ఒక మడిల ఏమీ ఎయ్యకుండ ఇడిసిండు.

నీ బిడ్డ