పేరుకు ముందు మాట

తణుకు,
మంగళవారం.

అక్కకు నమస్కారాలు.

మౌనిక పెళ్లి శుభలేఖ అందగానే నువ్వు ఫోన్ చేసి అడిగావు, "ఏరా, అందరి పేర్లకీ ముందు శ్రీ, శ్రీమతి ఉన్నాయి. నాకు ఉత్త వెంకటదుర్గ అని వేశారేంటి?" అని. "ప్రెస్సువాళ్ల పొరపాటక్కా" అన్నాను. సరేలే అని ఫోన్ పెట్టేశావు.

అది అబద్ధం. ప్రెస్సులో దొరబాబు ప్రూఫు చూపించి, "అక్కగారి పేరు ముందు శ్రీమతి ఉంచమంటారాండి?" అని అడిగాడు. బావగారు పోయి ఏడాదైనా కాలేదు, వియ్యాలవారు ఏమనుకుంటారోనని "తీసెయ్యవయ్యా" అన్నాను.

ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పినదానివి. హారం ముందు "ఆ" చేరితే ఆహారం, "సం" చేరితే సంహారం అని నాకు ఉపసర్గలు నేర్పింది నువ్వే. పేరు ముందు మాట ఎందుకు పోయిందో నీకు తెలియకుండా ఉంటుందా?

పెళ్లిలో అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని మండపం మెట్ల దగ్గరే ఆగిపోయావు. నేను చూశాను. చూసి కూడా రమ్మని పిలవలేదు. భోజనం చెయ్యకుండానే సామర్లకోట రైలెక్కావని తర్వాత తెలిసింది.

నిన్న ఫొటోలు చూస్తూ మౌనిక, "అత్త ఒక్కదాంట్లోనూ లేదేంటి నాన్నా?" అంది. జరిగిందంతా చెప్పాను. అది నాతో మాట్లాడటం మానేసింది.

ఆదివారం అల్లుడితో కలిసి నీ దీవెన కోసం వస్తానని వాళ్లమ్మతో చెప్పిందట. వాళ్లతో నేనూ రావచ్చా అక్కా? వద్దంటే వాళ్లనే పంపుతాను.

నీ తమ్ముడు