టైరు లోపలివైపు

నవంబర్ 1999, బుధవారం రాత్రి

మోటర్‌వే మీద వంద దాటితే స్టీరింగ్ వణుకు, చెవుల్లో ఒకటే రొద. "చక్రంలోనే ఏదో ఉందండీ," అని సుధ వారం నుంచీ మొత్తుకుంటోంది. నేను పాటల సౌండ్ పెంచాను.

ఆఫీసు ప్రోగ్రాముల్లో వైటూకే బగ్ వెతికినట్టే, వణుకు ఎటు పోతుందో చూద్దామని ఇవాళ ముందు చక్రాలు వెనక్కి మార్చి, సుధని ఏడో నెల చెకప్‌కి పారమట్టా ఆసుపత్రికి తీసుకుని బయలుదేరాను. స్టీరింగ్ కుదుటపడింది. సుధ కూర్చున్న వెనక సీటు వణికింది.

"ఆపండి!" అని సుధ కడుపు పట్టుకుంది.

ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్ టైరు లోపలివైపు కోడిగుడ్డంత ఉబ్బు చూపించాడు. "యూ ఆర్ లక్కీ, మేట్."

సుధ ఆ ఉబ్బును వేలితో తడిమి నావైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఈ పాత కారు కొన్నరోజు నిమ్మకాయలు పెట్టడానికి నాలుగు టైర్ల ముందూ వంగాను. లోపలికి మాత్రం తొంగిచూడలేదు.