లారెల్‌కి నువ్వు వెతికిన పేర్లు

వసుధక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఢిల్లీలో మన ఆఫీసు పలు భాషల మొక్కల పేర్ల నిఘంటువును ఇవాళే విడుదల చేసింది. అట్ట మీద డైరెక్టర్ పేరొక్కటే ఉంది. "ప్రతి మాటా నేనే సేకరించాను" అని ఆయన వేదిక మీద చెప్పుకున్నాడు.

నేను లేచాను. "సర్, లారెల్ మొక్కని టర్కీ భాషలో ఏమంటారు?"

ఆయన పుస్తకం తెరవబోయాడు.

"చూడకుండా చెప్పండి సర్."

"అచ్ఛా, తర్వాత మాట్లాడదాం మేడమ్."

"దెఫ్నే అంటారు. గ్రీకులో దాఫ్నీ, జర్మన్‌లో లోర్బేర్. ఇవన్నీ మా వసుధక్క సేకరించింది" అంటూ, కరోల్ బాగ్ గదిలో నువ్వు రాసుకుని, ఆసుపత్రి మంచం మీద దిద్దిన చీటీలను ముఖ్య అతిథి చేతిలో పెట్టాను.

హాలంతా డైరెక్టర్ వైపే చూసింది. ఆయన చెమట తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. జాలి కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదక్కా. ఇంకాసేపు నిలబెట్టి అడగాల్సింది అనిపించింది.

నీ సరళ