డ్యాష్‌బోర్డు మీద ఏడు పగుళ్లు, నా చేయి అందిన మేర

తేదీ: జూన్ 9, సోమవారం
వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మూడేళ్లు నిండని కారు డ్యాష్‌బోర్డు పగుళ్లిచ్చుట, కొత్తది బిగించుటకు కంపెనీ నిరాకరించుట గురించి.

ఈ ఉదయం వాహన తనిఖీలో మా కోడలి కారును తిప్పి పంపారు. డ్యాష్‌బోర్డు మార్పించి ఈ నెల 20న తిరిగి చూపించకపోతే ఆమె నడిపే డ్రైవింగ్ స్కూలు అనుమతి రద్దవుతుంది. 23న ఆమె దగ్గర నేర్చుకున్న ఆరుగురు ఆడవాళ్లకు లైసెన్సు పరీక్ష ఉంది. అందుకే ఇవాళే రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని కనుక అంకెలు సరిచూసే ఇస్తున్నాను.

1. కారు కొని రెండేళ్ల పదకొండు నెలలు. కంపెనీ పూచీ అయిదేళ్లు. మొదటి పగులు పద్నాలుగో నెలలో కనిపించింది. నేటికి ఏడు. ప్రతి ఆదివారం కారు షెడ్డు బయటికి తీశాక స్కేలుతో కొలిచి రాసిన పట్టిక జతపరిచాను. పెద్ద పగులు 21 సెంటీమీటర్లు. అది ఎయిర్‌బ్యాగు మూత మీదుగా పోతోంది. ఆ మూతకు ఎదురుగా, డ్రైవరు పక్కన ఉన్న సీటులోనే మా కోడలు రోజుకు ఏడు గంటలు కూర్చుని నేర్పుతుంది. ప్రమాదంలో బ్యాగు విచ్చుకుంటే ముందు ఆ ముక్కలే ముఖానికి తగులుతాయని తనిఖీదారు అన్నారు.

2. సర్వీసు సెంటరు మేనేజరు, "కారు నడుస్తోంది కదా మామ్మగారూ, ఇది అందానికి సంబంధించిన విషయం" అన్నాడు. "ముందు పళ్లు రెండు ఊడినా నీ భోజనం సాగుతుంది నాయనా, అలాగే వదిలేస్తావా?" అని అడిగాను. వెంటనే నాలుకతో పళ్లు తడుముకున్నాడు. పళ్లు బాగానే ఉన్నాయి.

3. కంపెనీవారి మొదటి ఉత్తరం (ఏప్రిల్ 4): సరిగా తుడవకపోవుటచే పగిలినది. రెండవ ఉత్తరం (మే 16): ఏదో పూసి అతిగా తుడుచుటచే పగిలినది. సరిగ్గా ఎంత తుడవాలో మూడవ ఉత్తరంలో సెలవిస్తారని ఎదురుచూస్తున్నాను. ఒకే లెక్కకు రెండు జవాబులు రాసిన పిల్లలకు నేను రెంటికీ సున్నా వేసేదాన్ని.

4. కారు నేర్చుకోవడానికి వచ్చే టైలరమ్మ, "మేడమ్, పోనీ రెండు కుట్లు వేసేయనా" అంటుంది. కోడలు నవ్వుతుంది. నవ్వుతూనే పగులు మీద టేపు అంటిస్తుంది. అది ముడుచుకుపోతే మళ్లీ అంటిస్తుంది.

5. ఇది రాయకపోతే కేసు బలంగా ఉండేది. కానీ అంకె దాచిన లెక్క లెక్క కాదు. రోజూ ఉదయం ఆరింటికి ఆ కారు తుడిచేది నేను. తడిగుడ్డతో కాదు, బీరువాకు రాసే చెక్క పాలిష్‌తో. బీరువా నలభై ఏళ్లుగా మెరుస్తోంది, కారుకేం రోగం అనుకున్నాను. రెండవ ఉత్తరం వచ్చిన రోజున సీసా అటక ఎక్కించాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు మాత్రం, "ఎండలో వదిలేసి ఉంటావు, నీకు వస్తువు విలువ తెలియదు" అని కోడలిని అన్నాను. ఒకసారి కాదు. "అయ్యుంటుంది అత్తయ్యా, ఎక్కడో పెట్టే ఉంటాను" అనేది.

6. అయితే దీన్ని పట్టుకుని కంపెనీ జారుకోవడానికి వీల్లేదు. మా షెడ్డులో కారు రెండో వైపు గోడకు ఆనుకుని ఉంటుంది, ఆ తలుపు తెరుచుకోదు. డ్రైవరు తలుపులోంచి ఎంత వంగినా నా చేయి రేడియో దాకానే అందుతుంది. పాలిష్ తగిలిన వైపు పగుళ్లు రెండు. నా చేయి అందని వైపు అయిదు, ఎయిర్‌బ్యాగు మూతతో కలిపి. రెండు నా పేర రాయండి. అయిదు కంపెనీ పేర రాయండి.

పై సంగతులు చిత్తగించి, గడువు దాటకముందే న్యాయం చేయవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
డ్రైవింగ్ స్కూలు మేడమ్ గారి అత్తగారు

తా.క. ఇక జరగవలసినవి:

1. 12వ తేదీలోగా తమరు మనిషిని పంపి పగుళ్లు కొలిపించాలి. స్కేలు నేనిస్తాను.

2. 18లోగా కంపెనీ కొత్త డ్యాష్‌బోర్డు బిగించాలి. అంతవరకు కోడలు ఆ సీటులో కూర్చోకూడదు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

3. 20న తనిఖీ పూర్తయి అనుమతి చేతికి రావాలి.

4. ఈ అర్జీ నకలు కోడలికి అందాలి. అది నా పని. తనిఖీ నుంచి వచ్చి ముఖం కడుక్కుంటానని వెళ్లింది, కుళాయి చాలాసేపటి నుంచి పారుతోంది. బయటికి రాగానే ఇచ్చి, అయిదో అంశం చదివేదాకా ఎదురుగానే కూర్చుంటాను.