పైన నారింజ, కింద నలుపు

ఒరేయ్ తమ్ముడూ,

మా అటక మీద వదిలేసి వెళ్ళిన, రిమోట్‌తో ఎగరేసే నీ బొమ్మ విమానం చెక్క అస్థిపంజరాన్ని కిందికి దించాను. "నాకిక సరదా పోయిందక్కా, దానికి ఫిల్మ్ తొడిగి ఎవరికైనా ఇచ్చెయ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. తిండి మానేసినా విమానాలు మానని వాడివి. ఏమైందని ఇది మూడోసారి అడగడం. అసలు సంగతి చెప్పేదాకా నిన్ను వదలను.

ఆ ప్లాస్టిక్ ఫిల్మ్‌ని ఇస్త్రీపెట్టె వేడితో చెక్కకి అంటించాలట. ఇస్త్రీ అంటే నాకు కొట్టిన పిండే కదా అని, చొక్కా రుద్దినట్టు నడిమధ్య నుంచి మొదలెట్టాను. ఎంత రుద్దినా ఫిల్మ్ చెక్కకి అంటుకోదే! మీ బావ పేపర్లోంచి తలెత్తి, "ఫిల్మ్ వెనకాల పొర ఊడదీశావా?" అన్నారు. ఊడదీయలేదు. నవ్వి నవ్వి ఆయనకి పొలమారింది. ఈసారి పొర తీశాను గానీ, మళ్ళీ మధ్య నుంచే రుద్దేసరికి రెక్క తడిసిన అట్టలా మెలితిరిగింది. అప్పుడు ఫిల్మ్‌తో వచ్చిన కాగితం చదివాను. ముందు అంచులు అంటించి, ఆ తర్వాత మధ్యలో వేడి చూపిస్తే ముడతలు వాటంతటవే బిగుసుకుంటాయట. మెలిపడ్డ రెక్కని ఎదురు తిప్పి పట్టుకుని మళ్ళీ వేడి చూపిస్తే దారికొస్తుందట. వచ్చింది కూడా! ఎంత ముచ్చటేసిందో.

రంగు మాత్రం నా ఇష్టం. లోపల ఉన్నది కనిపించేలాంటి పసుపు వేస్తున్నాను. నువ్వు అంత ఓపిగ్గా కోసిన చెక్క పక్కటెముకల్ని దాచడానికి మనసొప్పలేదు. ఏమంటావు?

నీ అక్క

అక్కా,

ఆ పసుపు ఇంట్లో అందంగానే ఉంటుంది. పైకి వెళ్ళాక ఎండలో కలిసిపోతుంది.

గుచ్చి గుచ్చి అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నాను. నా ఎడమ కన్ను చూపు పోయింది. ఇక తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పేసింది. నీ మరదలికి కూడా తెలియదు. పోయినసారి ఎగరేసినప్పుడు, నా పాత విమానం దూరంగా వంపు తిరుగుతుంటే దాని పైభాగాన్ని కిందిభాగం అనుకున్నాను. సరిచేయబోయి నేలకి కొట్టేశాను. భయమేసిందక్కా. ఎవరి మీదైనా పడి ఉంటే? అందుకే మానేశాను. నువ్వు ఏ రంగు వేసినా నాకు ఒకటే.

తమ్ముడు

ఒరేయ్ పిచ్చోడా,

చదివి ఏడ్చాను. ఏడుపయ్యాక ఒక అనుమానం వచ్చింది. పడిపోయిన ఆ విమానం పైనా కిందా ఒకటే నీలం కదరా! రెండు కళ్ళూ ఉన్నవాడికైనా ఏం తెలుస్తుంది?

పసుపు పీకేశాను. పైన నారింజ, కింద నలుపు, ఆ నలుపు మీద వెడల్పాటి తెల్ల చారలు. నిన్న మైదానానికి వెళ్ళాం. మీ బావ దాన్ని నెత్తిన ఎత్తి పట్టుకుని, ఆ పొట్టేసుకుని పరిగెత్తారు. "తిప్పండి!" అని నేను అరిచినప్పుడల్లా తిప్పారు. కుక్కలు వెంటపడ్డాయి. నేను ఎడమ కన్ను చేత్తో మూసుకుని చూశాను. నారింజ. నలుపు. మళ్ళీ నారింజ. అవతలి అంచుకి చేరాక ఆయన మొహం ఆనలేదు గానీ, రెక్క ఎటు ఒరిగిందో ఇట్టే తెలిసింది.

దీన్ని ఎవరికీ ఇవ్వను. జనం లేని వేళ చూసుకుని వెళ్దాం. నీ పక్కనే నిలబడి నాకు కనిపించింది చెబుతుంటాను. నీకు కాస్త అనుమానం వచ్చినా దించేద్దువుగాని. ముందు నా మరదలికి నువ్వే చెప్పు, నా నోటితో వింటే తను బాధపడుతుంది.

అన్నట్టు, రెక్క మొదట్లో అరచేతంత పసుపు ఉంచేశాను. నువ్వు కోసిన చెక్క అందులోంచి కనిపిస్తోంది. అది ఆకాశంలో కనిపించదని నాకూ తెలుసు. చేతిలోకి తీసుకున్నప్పుడు చూసుకుందువుగాని, రా.

ఎడమ పక్కన నిలబడే
నీ అక్క