రెక్క ఊడిన పిట్ట

చిట్టికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేం క్షేమం. పోయిన రెండు ఉత్తరాల్లోనూ ఇదే ముక్క రాశాను గానీ, నిజంగా రాస్తున్నది ఇప్పుడే. ఎందుకో చెబుతాను, కంగారుపడి ఉత్తరం చివరికి దూకకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం మానింది. పక్కింటి పిన్నికి మోకాలు నయం, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇక నీ బొంతల సంగతి. ప్రదర్శనకొచ్చినవాళ్లు కన్నెత్తి చూడలేదనీ, కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చేసి ఆఫీసు ఉద్యోగంలో చేరతాననీ రాశావు. "గుడ్డపేలికలతో పిట్టలు చేస్తే ఎవరికేం ఒరిగింది?" అన్నావు. ఇంట్లో ఉన్న నీ పాత పిట్టల బొంతతో గచ్చు తుడుచుకోమన్నావు.

గచ్చు తుడవలేదు. మీ నాన్నకి కప్పాను.

నువ్వు ప్రదర్శన పనిలో తలమునకలై ఉన్నప్పుడు మీ నాన్నకి పక్షవాతం వచ్చింది. డిపోలో బస్సు పెట్టి దిగుతుంటే కుడి చెయ్యి పడిపోయింది. చెబితే అన్నీ వదిలేసి పరుగెత్తుకొస్తావని దాచాను. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను.

చెయ్యి ఆడించడానికి ఆసుపత్రిలో రబ్బరు బంతి ఇచ్చారు. "ఈ వయసులో నాకు బంతాటలా?" అని ఎడమ చేత్తో కిటికీలోంచి విసిరేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. తిండి లేదు, మాట లేదు. నాకు చాలా భయమేసింది. చలికి ఇంటినుంచి నీ బొంత తెచ్చి కప్పాను. అందులో మూలనున్న పిట్టకి రెక్క ఊడి వేలాడుతోంది. బస్సులో ఒక్క బోల్టు లొడలొడలాడినా బండి ఆపేసే మనిషాయె, ఆ రెక్కని ఎంతకాలమని చూస్తారు? ఒకరోజు ఉండబట్టలేక "సూది ఇలా ఇవ్వు" అన్నారు.

"నేను కుడతాలెండి."

"నా బండి రిపేరు నేనే చేసుకుంటా."

దారం ఎక్కించి ఇచ్చాను. కుడి వేళ్ల మధ్య సూది నిలవదు. ఎడమ చేత్తో తీసి మళ్లీ పెడతారు. తిట్లు మాత్రం ధారాళంగా వచ్చాయి. ఒక్క కుట్టు పడేసరికి చొక్కా తడిసిపోయింది. ఆ కుట్టు చూసి ఇద్దరం ఏడ్చాం.

రెక్క చివరికి అతుక్కుంది గానీ వెనక్కి తిరిగి అతుక్కుంది. "మీ పిట్ట రివర్సులో పోతోందండీ" అని నర్సు నవ్వితే, "రివర్సు చేతనైనవాడే డ్రైవరు" అన్నారు.

అది చూసి పక్క మంచం లెక్కల మాస్టారు తనకీ ఒక పిట్ట కావాలన్నారు. మేం ఇంటికొచ్చేశాం గానీ, వ్యాయామానికి రోజూ ఆసుపత్రికి వెళ్తున్నాం. ఇప్పుడు అక్కడి వ్యాయామాల గదిలో అందరూ గుడ్డముక్కలు ముందేసుకుని కూర్చుంటున్నారు. బంతులు మూలపడ్డాయి. ఈ బొంత కుట్టిందెవరని ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి" అనేముందు మీ నాన్న ఒకసారి గొంతు సవరించుకుంటారు.

ఎవరికేం ఒరిగిందని అడిగావుగా. ఈ పొద్దున ఆయన చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నారు. పై గుండీ కింది కాజాలోకి పోయింది. నేను సరిచెయ్యలేదు. అలాగే దర్జాగా వీధంతా తిరిగొచ్చారు.

ఉద్యోగం చేస్తే చెయ్యి, తప్పు లేదు. నీ పిట్టలు ఎవరికీ పనికిరాలేదని మాత్రం అనకు, ఆ మాట ఇక మన ఇంట్లో చెల్లదు.

కవరు మీద కోడి గెలికినట్టున్న అడ్రసు చూసి నవ్వుకున్నావేమో. అది నా రాత కాదు. ఇదిగో, కాగితం కూడా లాక్కుంటున్నారు.

ఇట్లు,
నీ మొండితనంలో సగం వాటాదారు,
అమ్మ

తల్లీ, ఇంకో పిట్ట రెక్క ఊడింది. నేనే పీకాను. ఎర్రదారం పంపు.
నాన్న