అవుట్‌బాక్స్‌లో మిగిలిన మెయిల్

అన్నయ్యా,

కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నీ సీటు నాకే ఇచ్చారు. నీ పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే, ఇవాళ నీ మెయిళ్లన్నీ బ్యాకప్ తీసి కొత్తదానిలోకి ఎక్కించాను. నెట్ కలపగానే, అవుట్‌బాక్స్‌లో ఇరుక్కుపోయిన నీ మెయిల్ ఒకటి దానంతటదే వెళ్లిపోయింది. విజయనగరం మిర్చి షావుకారుగారికి రాసింది: "జ్వరం తగ్గిందండి. సోమవారం శాంపిల్ పంపుతాను."

నువ్వది రాసిన సాయంత్రమే జ్వరం తిరగబెట్టిందనీ, వారం తిరక్కుండా నువ్వు పోయావనీ ఆయనకు తెలీదు. వెంటనే జవాబిచ్చారు: "ఎన్నాళ్లకు రాశావు బాబూ! మిరపకాయలు ఎక్కడికీ పోవులే, ముందు ఒళ్లు చూసుకో."

"ఉన్న విషయం చెప్పేయమ్మా," అన్నారు మేనేజర్‌గారు.

టైప్ చేశాను. పంపలేకపోయాను. ఈ లోకంలో ఆయన ఒక్కరి దగ్గరే అన్నయ్యా, నీ జ్వరం తగ్గింది.